జర్మన్ వాక్యంలో క్రియ చోటు, డేన్–డేమ్ గొడవ: తెలుగు మీదుగా పట్టుకోవచ్చా?

గుంటూరు_నర్సు
అందరికీ నమస్కారం. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి కొన్నాళ్ళు ఐసీయూలో పనిచేశాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉండి జర్మన్ బి1 (మధ్యస్థాయి) పరీక్షకి చదువుతున్నాను. మాటలు బాగానే గుర్తుంటున్నాయి, వింటే అర్థమవుతోంది. వాక్యం కట్టే దగ్గరే ఆగిపోతోంది. క్లాసులో వ్యాకరణం అంతా ఇంగ్లీషు మీదుగా చెప్తారు, డైరెక్ట్ ఆబ్జెక్ట్, ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్ట్ అంటూ. నాకు అది రెండు మెట్లు ఎక్కినట్టుంది.

మూడు సంగతులు అడగాలి. 'ఈ రోజు నేను కాఫీ తాగుతాను' అనడానికి 'హోయ్‌టె ఇష్ ట్రింకె కఫే' అంటే ఎందుకు కుదరదు? 'వైల్' (ఎందుకంటే) రాగానే క్రియ వాక్యం చివరికి ఎందుకు పోతుంది? నామవాచకం ముందు వచ్చే ఆర్టికల్ డేన్ ఎక్కడ, డేమ్ ఎక్కడ అన్నది మాట్లాడుతూ ఉండగానే ఎలా తేల్చుకుంటారు? పట్టికలు కంఠతా వచ్చు, నోటి దగ్గరికి వచ్చేసరికి అవి అక్కరకు రావట్లేదు. అక్కడ ఉన్నవాళ్ళు కాస్త చెప్పరూ.

లైప్‌జిగ్_రాజు
మొదటిది నేను చెప్తానండి. ఇంగ్లీషులో కర్త తన చోటు వదలదు. తెలుగులోనూ జర్మన్‌లోనూ కదలనిది క్రియ. మనకి అది చివర ఉంటుంది, వాళ్ళకి ప్రధాన వాక్యంలో రెండో స్థానంలో ఉంటుంది. మిగతావన్నీ దాని చుట్టూ జరుగుతాయి. ఇదొక్కటి మనసులో నాటుకుంటే సగం భారం దిగినట్టే.

ఇష్ ట్రింకె హోయ్‌టె కఫే.
హోయ్‌టె ట్రింకె ఇష్ కఫే.
కఫే ట్రింకె ఇష్ హోయ్‌టె.

మూడూ సరైనవే. మూడింట్లోనూ 'ట్రింకె' రెండోదే. ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి రుమాలు వేసిన సీటు లాంటిది ఆ రెండో స్థానం. ముందు ఎవరు ఎక్కినా అది క్రియదే. మీరు 'హోయ్‌టె'ని ముందు పెట్టారు కాబట్టి మొదటి చోటు నిండిపోయింది. ఇక కర్తకి చోటు క్రియ తరవాతే.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. మొదటి స్థానం అంటే మొదటి మాట అనుకోకూడదు, మొదటి ముక్క. ఆ ముక్క ఎంత పొడుగైనా ఉండొచ్చు:

నాఖ్ డేర్ నఖ్ట్‌షిష్ట్ ఇమ్ క్రాంకెన్‌హవుస్ ట్రింకె ఇష్ కఫే. (ఆసుపత్రిలో నైట్ డ్యూటీ అయ్యాక కాఫీ తాగుతాను.)

'క్రాంకెన్‌హవుస్' దాకా అంతా ఒకటే ముక్క. ఒక్కోసారి పూర్తి ఉపవాక్యమే ఆ మొదటి చోట కూర్చుంటుంది: వెన్ ఇష్ మ్యూడె బిన్, ట్రింకె ఇష్ కఫే (అలసిపోయినప్పుడు కాఫీ తాగుతాను). కామాకి అటూ ఇటూ రెండు క్రియలు ఆనుకుని ఉంటే మీరు సరిగ్గా రాశారన్నమాట.

అవునా కాదా అని ప్రశ్న అడిగితే, ఏదైనా చెయ్యమంటే మాత్రం క్రియ మొదటికి వస్తుంది. మీ పనిలో రోజూ వాడేదే: ఆట్‌మెన్ జీ టీఫ్ ఐన్! గట్టిగా ఊపిరి పీల్చండి అని.

ఓరుగల్లు_పోరడు
రాజన్న మంచిగ చెప్పిండు. నేను కెమ్నిట్స్‌ల మాస్టర్స్ చేస్తున్న. దీన్ల ఇంకొకటి కలుపుత అక్కా. ఉంట్ (ఇంకా), ఆబెర్ (కానీ), ఓడెర్ (లేదా), డెన్ (ఎందుకంటే), జోండెర్న్ (అది కాదు, ఇది) – ఈ అయిదు వాక్యాలను కలుపుతయ్ గానీ చోటు తీసుకోవు, లెక్కల సున్నా. వాటి తర్వాత మళ్ళ ఒకటి, రెండు అని మొదలుపెట్టాలె. ఇష్ బిన్ మ్యూడె, ఆబెర్ ఇష్ ఆర్‌బైటె.

గదే డెస్‌హాల్ప్ (అందుకే), ట్రోట్స్‌డేమ్ (అయినా గూడ) వస్తే అవి మొదటి చోటు గుంజుకుంటయ్. ట్రోట్స్‌డేమ్ ఆర్‌బైటె ఇష్. 'ట్రోట్స్‌డేమ్ ఇష్ ఆర్‌బైటె' అని రాస్తే మార్కు పోతది. మా దోస్తులల్ల చానా మంది 'ఆబెర్' లెక్కనే దీన్ని గూడ అనుకుంటరు, రెండింటి అర్థం దగ్గర దగ్గరనే ఉంటది గదా.

బెర్లిన్_బాబాయ్
నేను వచ్చి చాలా ఏళ్ళయిందమ్మా, ఇప్పుడు కొత్తగా వచ్చే మన పిల్లలకి సాయంత్రాలు జర్మన్ చెప్తుంటాను. రెండో చోటు సంగతి అందరికీ త్వరగానే పట్టుబడుతుంది. అసలు చిక్కు ఆ తరవాతిది. క్రియలో ఒక ముక్క రెండో చోట ఉండి, రెండో ముక్క వాక్యం చివరికి వెళ్ళిపోతుంది. మధ్యలో మిగతా సరుకంతా. 1937లో ఎరిష్ ద్రాఖ్ అనే ఆయన ఈ అమరికకి ముందు, మధ్య, వెనక అని మూడు భాగాలుగా పేర్లు పెట్టాడు. ఇప్పటికీ ఇక్కడి వ్యాకరణ పాఠాలు ఆ పద్ధతిలోనే నడుస్తాయి.

ఇష్ ముస్ హోయ్‌టె ఆర్‌బైటెన్. (ఈ రోజు పనిచెయ్యాలి.)
ఇష్ హాబె గెస్టెర్న్ మిట్ డేమ్ ఆర్ట్‌స్ట్ గెష్‌ప్రోఖెన్. (నిన్న డాక్టరుతో మాట్లాడాను.)

ఉపసర్గ విడిపోయే క్రియలు కూడా ఇంతే. నువ్వు నర్సువి కాబట్టి 'నేమెన్' (తీసుకోవడం) కుటుంబం చూడు. రోగి గురించి ఇలా మొదలుపెడతారు: డేర్ పాత్సియెంట్ నిమ్ట్ జైట్ త్స్వై వోఖెన్ ష్టార్క్… ఇక్కడి దాకా వింటే ఏమీ తెలియదు. చివర 'అప్' వస్తే రెండు వారాలుగా బాగా బరువు తగ్గుతున్నాడు. 'త్సూ' వస్తే బాగా పెరుగుతున్నాడు. అదే 'ఎర్ నిమ్ట్ యేడెన్ మోర్గెన్ డీ టాబ్లెటెన్ ఐన్' అంటే రోజూ పొద్దున మాత్రలు వేసుకుంటున్నాడు. డ్యూటీ మారేటప్పుడు అప్పగింతలో ఆ చివరి ముక్క వినకపోతే చార్టులో తిరగబడిపోతుంది.

దీనికి నువ్వు భయపడనక్కర్లేదు. చివరి దాకా ఆగి వినడం తెలుగువాడికి పుట్టుకతో వచ్చిన అలవాటు. 'రేపు మీ ఇంటికి పిల్లల్ని తీసుకుని' అన్నాక 'వస్తాను' అంటాడో, 'రాలేను' అంటాడో అని ఆగమూ! చెవికి ఆ ఓపిక ఉంది. నోటికి నేర్పాల్సింది ఒక్కటే, రెండో చోట సగం క్రియని దించడం.

వెన్నెల_ష్టుట్‌గార్ట్
రెండో ప్రశ్న నాకు వదిలెయ్యండి, నాకు ఇష్టమైన భాగం అది.

వైల్ (కాబట్టి), డస్ (అని), వెన్ (అప్పుడు, అయితే), ఓప్ (అవునో కాదో) లాంటివి వస్తే అది ఉపవాక్యం. ఉపవాక్యంలో జర్మన్ అచ్చం తెలుగులాగే క్రియని చివర పెడుతుంది.

వైల్ ఇష్ హోయ్‌టె కైనె త్సైట్ హాబె – నాకు ఈ రోజు తీరిక లేదు కాబట్టి.
డస్ డేర్ ఆర్ట్‌స్ట్ మోర్గెన్ కొమ్ట్ – డాక్టరు రేపు వస్తాడని.

మన 'అని', 'కాబట్టి' చివర వస్తాయి, వాళ్ళ డస్, వైల్ మొదట వస్తాయి. తేడా అంతే. లోపలి వరస చూడండి, కర్త, కాలం, మిగతావి, చివర క్రియ. తెలుగులో అనుకుని, ముందు 'డస్' తగిలించి, అదే వరసలో దింపెయ్యండి. ఇంగ్లీషులో అనుకుంటేనే క్రియ మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది.

ఇంకొకటి. క్లాసులో సాధారణంగా డేర్ పాత్సియెంట్, డేర్ గెస్టెర్న్ ఓపెరీర్ట్ వుర్డె అని నేర్పుతారు, నామవాచకం తరవాత వివరణ. కానీ పేపర్లలో, ఆఫీసు ఉత్తరాల్లో, మెడికల్ రిపోర్టుల్లో ఇలా రాస్తారు: డేర్ గెస్టెర్న్ ఓపెరీర్టె పాత్సియెంట్. 'నిన్న ఆపరేషన్ చేసిన పేషెంటు'! మాట మాటకీ సరిపోయింది చూడండి. మిగతా దేశాల వాళ్ళు ఈ నిర్మాణం చూసి బెంబేలెత్తుతారు. మనకి ఇది ఇంటి వాక్యమే. బి2లో వస్తుంది, అప్పుడు గుర్తుచేసుకోండి.

ఓరుగల్లు_పోరడు
వెన్నెలక్కా, గానీ ఈడ మనుషులు 'వైల్ ఇష్ హాప్ కైనె త్సైట్' అనే అంటరు గదా. మా ల్యాబుల జర్మన్ పోరగాళ్ళు రోజూ గట్లనే మాట్లాడ్తరు. క్రియ రెండో చోటనే ఉంటది. మరి అది తప్పెట్ల అయితది?

బెర్లిన్_బాబాయ్
మాటల్లో నిజంగానే అలా అంటారు బాబూ, నేనూ రోజూ వింటాను. 'వైల్' అని ఒక్క క్షణం ఆగి, కొత్త వాక్యం మొదలెట్టినట్టు చెప్తారు. మాట్లాడే భాషలో దాన్ని ఎవరూ ఎత్తి చూపరు. రాతలో మాత్రం ఒప్పుకోరు. గోథె సంస్థ బి1 రాత పరీక్ష గంటసేపు, మూడు రాతలు. ఏ విభాగానికైనా 100కి 60 రావాలి. అలాంటి చోట నోటి భాషతో ప్రయోగాలు ఎందుకు? క్రియ రెండో చోటే కావాలనుకుంటే 'డెన్' వాడుకోమను, అర్థం అదే. ఇష్ కొమె నిష్ట్, డెన్ ఇష్ హాబె కైనె త్సైట్.

భాషాభిమాని
నేను తెలుగు పంతులుగా చేసి రిటైరైనవాణ్ణి. మా అమ్మాయి కుటుంబం హాంబుర్గ్‌లో ఉంటే మనవలతో పాటు నేనూ ఈ భాష చదువుతున్నాను. వెన్నెల గారు చెప్పినదానికి ఒక చిన్న చేర్పు.

ఉపవాక్యం చివర రెండు మూడు క్రియలు వరసగా వచ్చినప్పుడు పిల్లలు తడబడతారు. 'వైల్ ఎర్ ఓపెరీర్ట్ వెర్డెన్ ముస్'. దీన్ని తెలుగు క్రియ విరిచినట్టు విరవండి. ఆపరేషన్ చెయ్య-బడ-వలె. ఓపెరీర్ట్ అంటే చెయ్య, వెర్డెన్ అంటే బడ, ముస్ అంటే వలె. అదే వరస! అసలు పని ముందు, దాని మీద సహాయక క్రియలు ఒకదాని తరవాత ఒకటి. మన ప్రత్యయాలు అతుక్కుంటాయి, వాళ్ళవి విడిగా నిలుస్తాయి. 'పనిచెయ్య-గలిగాను' కూడా అంతే: ఆర్‌బైటెన్ కోన్‌టె. దీనికీ మినహాయింపులున్నాయి కానీ అవి బి1లో అడ్డం రావు.

ఇక మూడో ప్రశ్న, విభక్తులు. అమ్మాయీ, తెలుగు పిల్లలకి ఇంగ్లీషు మీదుగా విభక్తులు చెప్పడం నాకు బాధగా ఉంటుంది. ఇంగ్లీషులో నామవాచకాలకి ఆ పని దాదాపు పోయింది. మనం డు-ము-వు-లు దగ్గర్నుంచి వల్లె వేసినవాళ్ళం. జర్మన్‌లో ఉన్నవి నాలుగే: కర్తకి నోమినాటిఫ్, కర్మకి అక్కుజాటిఫ్, మన కి-కు లాంటి పనులకి డాటిఫ్, యొక్క కి గేనిటిఫ్. మనం మాట చివర ప్రత్యయం చేరుస్తాం, వాళ్ళు ఎక్కువగా ముందున్న ఆర్టికల్‌ని (పుంలింగానికి డేర్, స్త్రీలింగానికి డీ, నపుంసకానికి డాస్) మారుస్తారు.

అయితే మనవాళ్ళు సరిగ్గా ఎక్కడ పడతారో కూడా చెప్పాలి. తెలుగులో మనిషినో జంతువునో అయితే 'ని' తప్పదు: రవిని చూశాను, కుక్కని కట్టేశాను. ప్రాణం లేని వస్తువైతే 'ని' వదిలేస్తాం: పుస్తకం కొన్నాను, వీల్‌చెయిర్ తెచ్చాను. జడవాచకాలకి ద్వితీయ బదులు ప్రథమ రావడం మన వ్యాకరణంలో మామూలే. జర్మన్‌లో ఆ వెసులుబాటు లేదు. ప్రాణం ఉందా లేదా అని చూడరు, పుంలింగమా కాదా అని చూస్తారు. వీల్‌చెయిర్ డేర్ రోల్‌ష్టూల్, పుంలింగం. కాబట్టి ఇష్ బ్రింగె డేన్ రోల్‌ష్టూల్. తెలుగు పిల్లలు డాక్టరునైతే 'డేన్ ఆర్ట్‌స్ట్' అని సరిగ్గానే అంటారు, కుర్చీ దగ్గరికొచ్చేసరికి 'డేర్' అనేస్తారు. కారణం ఇదే.

ఊరట ఏమిటంటే అక్కుజాటిఫ్‌లో మారేది పుంలింగ ఏకవచనం ఒక్కటే. డేర్ డేన్ అవుతుంది, ఐన్ ఐనెన్ అవుతుంది. డీ, డాస్, బహువచనం డీ ఎక్కడివక్కడే ఉంటాయి.

గుంటూరు_నర్సు
మాస్టారూ, వీల్‌చెయిర్ సంగతి చదివాక చాలా విషయాలు తేటపడ్డాయి. అయితే డాటిఫ్ అంటే 'కి' అనుకుని ధైర్యంగా వాడెయ్యొచ్చా? నాకు ఆకలేస్తోంది, నాకు తెలుసు, నాకు నచ్చింది, అన్నిటికీ 'మీర్' అనెయ్యడమేనా?

వెన్నెల_ష్టుట్‌గార్ట్
అన్నిటికీ కాదు, కానీ మీరనుకునేదానికంటే ఎక్కువ చోట్ల కుదురుతుంది. ఒంట్లో ఎలా ఉందో చెప్పే మాటలు చూడండి. మీ వార్డులో రోజూ వినబోయేవి ఇవే.

మీర్ ఇస్ట్ కల్ట్ – నాకు చలిగా ఉంది.
మీర్ ఇస్ట్ ష్విండ్లిష్ – నాకు కళ్ళు తిరుగుతున్నాయి.
వో టూట్ ఎస్ ఈనెన్ వే? – మీకు ఎక్కడ నొప్పిగా ఉంది?
మీర్ టూట్ డేర్ ర్యుకెన్ వే – నాకు నడుం నొప్పిగా ఉంది.

ఈ చివరి వాక్యాన్ని కాసేపు చూడండి, ఈ చర్చలో ఇప్పటిదాకా అనుకున్నదంతా అందులో ఉంది. మొదటి చోట కర్త లేదు, 'మీర్' ఉంది, అంటే నాకు. రెండో చోట క్రియ 'టూట్'. దాని మిగతా ముక్క 'వే' చివర. మధ్యలో 'డేర్ ర్యుకెన్', అదే కర్త. డేర్ అని ఉంది కాబట్టి కర్త అని తెలిసింది. మీరు తెలుగులో అనుకుంటే ఆ 'నాకు' తనంతట తానే ముందుకి వస్తుంది. ఇంగ్లీషు మీదుగా వెళ్తే 'మై' అంటూ మొదలెడతారు.

గెఫాలెన్, ష్మెకెన్, ఫేలెన్ అన్నీ ఈ దారిలోనివే: నాకు నచ్చింది, నాకు రుచిగా ఉంది, నాకు తక్కువైంది.

లైప్‌జిగ్_రాజు
కుదరనివి నేను చెప్తాను. నాకు ఆకలిగా ఉంది – ఇష్ హాబె హుంగెర్. నాకు తెలుసు – ఇష్ వైస్. నాకు జర్మన్ వచ్చు – ఇష్ కన్ డోయ్‌చ్. నాకు ఒక తమ్ముడు ఉన్నాడు – ఇష్ హాబె ఐనెన్ బ్రూడెర్. వీటిలో మన 'నాకు' వాళ్ళకి 'ఇష్' అయిపోతుంది. ఇవి కొన్నే, వాక్యాలుగా నేర్చేసుకోండి.

క్రియల్లోనూ అంతే. సాయం చెయ్యడం, కృతజ్ఞతలు చెప్పడం, జవాబివ్వడం, అభినందనలు చెప్పడం తెలుగులో 'కి' తీసుకుంటాయి. జర్మన్‌లో హెల్ఫెన్, డంకెన్, ఆంట్‌వోర్టెన్, గ్రాటులీరెన్ డాటిఫే తీసుకుంటాయి. ఇష్ హెల్ఫె ఈమ్ (అతనికి సాయం చేస్తాను). అతన్ని అడిగాను, అతన్ని కలిశాను, అతన్ని పెళ్ళి చేసుకున్నాను: ఫ్రాగెన్, ట్రెఫెన్, హైరాటెన్ మూడూ అక్కుజాటిఫ్, 'ఈన్'. ఇక్కడి దాకా తెలుగు దారి చూపిస్తుంది.

దారి తప్పించేవి రెండు రకాలు. ఒకటి, మనకి 'ని', వాళ్ళకి డాటిఫ్: అతన్ని నమ్ముతాను – ఇష్ గ్లావ్‌బె ఈమ్. అతన్ని అనుసరిస్తాను – ఇష్ ఫోల్గె ఈమ్. రెండు, మనకి 'కి', వాళ్ళకి అక్కుజాటిఫ్: అతనికి ఫోన్ చేశాను – ఇష్ హాబె ఈన్ ఆన్‌గెరూఫెన్. ఫోన్ చెయ్యడం దగ్గర బి2 దాటినవాళ్ళు కూడా 'ఈమ్' అంటుంటారు, తెలుగు అంత గట్టిగా లాగుతుంది. ఈ క్రియలని విడిగా ఒక కాగితం మీద రాసి గోడకి అంటించుకోండి. మిగతావాటికి మీ తెలుగు చెవిని నమ్మొచ్చు.

బెర్లిన్_బాబాయ్
రాజుతో నాకు కొంచెం పేచీ ఉంది. చెవిని నమ్మమంటున్నాడు బాగానే ఉంది, కానీ లింగం తెలియకపోతే విభక్తి తెలిసీ లాభం లేదు. పిల్లలు 'టిష్ అంటే బల్ల' అని నేర్చుకుని, తరవాత డేర్ కోసం వెతుక్కుంటారు. నేను చెప్పే పద్ధతి ఒకటే: మాటని ఎప్పుడూ వాక్యంలో, డేన్ తోనో డేమ్ తోనో నేర్చుకో. 'మాఖెన్ జీ బిట్టె డేన్ ముంట్ అవుఫ్', నోరు తెరవండి. ఇది నోటికి వస్తే ముంట్ పుంలింగమని వేరే గుర్తుపెట్టుకోనక్కర్లేదు. రోగికి బీపీ చూస్తానని చెప్పాలంటే: ఇష్ మెస్సె ఈనెన్ డేన్ బ్లూట్‌డ్రుక్. మీకు అనే డాటిఫూ, బీపీ అనే అక్కుజాటిఫూ ఒక్క వాక్యంలో దొరికాయి. ఇలాంటివి ఒక ముప్పై నలభై నోటికి రావాలి.

కొన్ని తోకలు మాత్రం లింగాన్ని పట్టిస్తాయి. ఉంగ్, హైట్, కైట్, షాఫ్ట్, త్సియోన్ తోకలుంటే డీ: డీ ఇంప్‌ఫుంగ్ (టీకా), డీ ఇన్‌ఫెక్‌త్సియోన్. షెన్, లైన్ తోకలైతే డాస్.

ఓరుగల్లు_పోరడు
ప్రిపొజిషన్లు ఎవ్వరు చెప్పలే. అక్కా, ఇవి పాటలెక్క నేర్చుకో: అవుస్, బై, మిట్, నాఖ్, జైట్, ఫోన్, త్సూ. ఇవి వస్తే కళ్ళు మూసుకొని డాటిఫ్. డుర్ష్, ఫ్యూర్, గేగెన్, ఓనె, ఉమ్ వస్తే అక్కుజాటిఫ్.

తొమ్మిది మాత్రం రెండు దిక్కుల పోతయ్: ఆన్, అవుఫ్, హింటెర్, ఇన్, నేబెన్, ఊబెర్, ఉంటెర్, ఫోర్, త్స్విషెన్. ఉన్న చోటు చెప్తే డాటిఫ్, పోయే దిక్కు చెప్తే అక్కుజాటిఫ్. మన 'ల', 'లకు' తేడానే గిది. రూముల ఉన్న – ఇష్ బిన్ ఇమ్ త్సిమెర్. రూములకు పోతున్న – ఇష్ గేయె ఇన్స్ త్సిమెర్. కోస్తోళ్ళకైతే లో, లోకి.

గానీ 'త్సూ' వస్తే మాత్రం పోతున్నా గూడ డాటిఫే: ఇష్ గేయె త్సుమ్ ఆర్ట్‌స్ట్ (డాక్టరు దగ్గరికి పోతున్న). అది తొమ్మిదింట్ల లేదు గదా.

భాషాభిమాని
లో, లోకి పోలిక బాగుంది నాయనా. ఒక్క చోట మాత్రం అది చెల్లదు. 'పెట్టడం'. తెలుగులో బల్ల మీద ఉంది, బల్ల మీద పెట్టాను. రెండింటికీ 'మీద'నే, 'మీదికి' అనం. జర్మన్‌లో పెట్టడం కూడా ఒక చోటికి చేర్చడమే, కాబట్టి అక్కుజాటిఫ్. అమ్మాయి పనికొచ్చే ఉదాహరణే చెప్తాను:

ఇష్ లేగె డాస్ కిస్సెన్ ఉంటెర్ డేన్ కోప్ఫ్ – దిండు తల కింద పెడుతున్నాను.
డాస్ కిస్సెన్ లీక్ట్ ఉంటెర్ డేమ్ కోప్ఫ్ – దిండు తల కింద ఉంది.

లేగెన్–లీగెన్, ష్టెలెన్–ష్టేయెన్, జెట్సెన్–జిట్సెన్. ఈ జంటల్లో మొదటిది పెట్టే పని, అక్కుజాటిఫ్. రెండోది ఉన్న స్థితి, డాటిఫ్. క్రియని బట్టే విభక్తి తెలిసిపోతుంది.

గుంటూరు_నర్సు
అందరూ ఇంత ఓపిగ్గా రాశారు. 'టెకామోలో' అని ఒకటి చెప్పారు క్లాసులో, కాలం, కారణం, ఎలా, ఎక్కడ అనే వరసలో రాయాలని. అది తప్పనిసరా? 'నిష్ట్' (కాదు, లేదు) ఎక్కడ పెట్టాలో కూడా ఒక్క మాట చెప్పండి.

లైప్‌జిగ్_రాజు
టెకామోలో ఒక మొగ్గు, అంతే. ఏది నొక్కి చెప్పాలో దాన్నిబట్టి మారుతుంది. కానీ సందేహం వస్తే అదే పాటించండి, ఎవరూ వేలు పెట్టరు. ఇష్ ఫారె మోర్గెన్ వేగెన్ డేర్ ప్ర్యూఫుంగ్ మిట్ డేమ్ త్సూక్ నాఖ్ లైప్‌జిగ్. రేపు పరీక్ష కోసం రైల్లో లైప్‌జిగ్ వెళ్తున్నాను. తెలుగులో సహజంగా వచ్చిన వరస అదే కదా! మీకు ఆ పేరు గుర్తుపెట్టుకోవాల్సిన పని కూడా లేదు.

నిష్ట్ వాక్యం మొత్తాన్ని కాదంటే వెనక్కి పోతుంది: ఇష్ కెన్నె డేన్ ఆర్ట్‌స్ట్ నిష్ట్. చివర క్రియ ముక్క ఉంటే దానికి ముందు ఆగుతుంది: ఇష్ హాబె డేన్ ఆర్ట్‌స్ట్ నిష్ట్ గెరూఫెన్. గుణం ముందు, వెళ్ళే చోటు ముందు కూడా ఆగుతుంది: ఇష్ బిన్ నిష్ట్ మ్యూడె, ఇష్ ఫారె నిష్ట్ నాఖ్ లైప్‌జిగ్. ఆర్టికల్ లేని నామవాచకాన్నో, ఐన్ ఉన్నదాన్నో కాదనాలంటే నిష్ట్ వద్దు, కైన్ వాడాలి: కైనె త్సైట్.

వెన్నెల_ష్టుట్‌గార్ట్
గేనిటిఫ్ గురించి బి1లో ఎక్కువ బెంగ వద్దు. డాస్ త్సిమెర్ డెస్ పాత్సియెంటెన్ అని రాతలో, డాస్ త్సిమెర్ ఫోమ్ పాత్సియెంటెన్ అని మాటల్లో. రెండింటిలోనూ చివర 'ఎన్' చేరింది చూశారా? పాత్సియెంట్, ష్టుడెంట్, కొల్లేగె, హెర్ లాంటి కొన్ని పుంలింగ పదాలకి కర్త కాని చోటల్లా ఆ 'ఎన్' తోకో, 'న్' తోకో వస్తుంది. పాత్సియెంట్ మీరు రోజుకి పదిసార్లు వాడే మాట, ఇది ముందే అలవాటు చేసుకోండి. బహువచనం డాటిఫ్‌లో కూడా 'న్' చేరుతుంది: మిట్ డేన్ కిండెర్న్. అక్కడి 'డేన్' చూసి అక్కుజాటిఫ్ అనుకోకండి, 'మిట్' ఉంది కదా.

గుంటూరు_నర్సు
నిన్నంతా కూర్చుని, తెలుగులో అనుకుని, ఇది రాశాను. చూసి చెప్పండి.

గెస్టెర్న్ హాటె ఇష్ నఖ్ట్‌డీన్స్ట్. ఐన్ పాత్సియెంట్ హాట్ మిష్ గెరూఫెన్, వైల్ ఈమ్ ష్విండ్లిష్ వార్. ఇష్ హాబె ఈమ్ డేన్ బ్లూట్‌డ్రుక్ గెమెస్సెన్ ఉంట్ డేన్ ఆర్ట్‌స్ట్ ఆన్‌గెరూఫెన్. డేమ్ ఆర్ట్‌స్ట్ హాబె ఇష్ ఆలెస్ ఎర్‌క్లేర్ట్. డనాఖ్ కోన్‌టె డేర్ పాత్సియెంట్ గూట్ ష్లాఫెన్. (నిన్న నాకు నైట్ డ్యూటీ. ఒక పేషెంటు కళ్ళు తిరుగుతున్నాయని నన్ను పిలిచాడు. అతనికి బీపీ చూసి డాక్టరుకి ఫోన్ చేశాను. డాక్టరుకి అన్నీ చెప్పాను. ఆ తరవాత పేషెంటు బాగా నిద్రపోగలిగాడు.)

ఇందులో 'డాక్టరుకి అన్నీ చెప్పాను' అన్నచోట రెండు కర్మలు ఉన్నాయి. వాటిలో ఏది ముందు రావాలి?

బెర్లిన్_బాబాయ్
అమ్మా, ఒక్క అక్షరం ముట్టుకోనక్కర్లేదు. 'వైల్ ఈమ్ ష్విండ్లిష్ వార్' చదివి చాలా సంతోషపడ్డాను. డాక్టరుకి ఫోన్ చేశావు, అయినా 'డేన్' అనే రాశావు. 'డేమ్ ఆర్ట్‌స్ట్'ని ముందుకి తెచ్చి క్రియని రెండో చోటే నిలబెట్టావు.

రెండు కర్మల సంగతి: రెండూ నామవాచకాలైతే డాటిఫ్ ముందు, ఇష్ గేబె డేమ్ పాత్సియెంటెన్ డీ టాబ్లెటె. తెలుగు వరసే, పేషెంటుకి మాత్ర ఇస్తున్నాను. ఒకటి సర్వనామమైతే అది ముందుకి జరుగుతుంది: ఇష్ గేబె జీ డేమ్ పాత్సియెంటెన్. 'జీ' అంటే ఇక్కడ మాత్ర. రెండూ సర్వనామాలైతే వరస తిరగబడుతుంది, అక్కుజాటిఫ్ ముందు, డాటిఫ్ తరవాత: ఇష్ గేబె జీ ఈమ్. మనం 'అతనికి అది' అంటాం, వాళ్ళు 'అది అతనికి' అంటారు. నీ వాక్యంలో 'ఆలెస్' తీసేసి 'ఎస్' పెడితే: ఇష్ హాబె ఎస్ ఈమ్ ఎర్‌క్లేర్ట్. దీన్ని పైకి చదువుతూ ఉండు, ఎస్-ఈమ్ కలిసి ఒకే మాటలా పలికేదాకా.